అమ్మోరూ, నేనూ, రెండు పూటల మాత్రా

మా ఊళ్లో నేను ఏడాదిపాటు అమ్మవారిగా ఉన్నాను. కావాలని ఉండలేదు. కానీ బాగుండేదా అని ఎవరైనా అడిగితే, అబద్ధమెందుకు, బాగానే ఉండేది. బస్సెక్కితే లేచి సీటిచ్చేవారు. గుడి దగ్గర నిలబడితే జనం రెండుపాయలై దారి వదిలేవారు. ఊళ్లో పండిన అరటిపళ్లలో సగం మా ఇంటికే వచ్చేవి.

మాది విజయనగరం నుంచి రామతీర్థం పోయే దారిలో బస్సు దిగి, జీడితోటల్లోంచి లోపలికి నడవాల్సిన ఊరు. నాన్న వరి, నువ్వులు వేస్తాడు. ఇంట్లో అమ్మ, నాన్నమ్మ, నేను. పదో తరగతి రెండో దెబ్బకి గట్టెక్కి, అక్కడితో చదువుకి దండం పెట్టేసి కుట్టుమిషను నేర్చుకున్నాను. ఇప్పుడు ఊళ్లో సగంమంది ఒంటిమీదున్న జాకెట్లు నా చేతివే.

నాకు ఫిట్స్ ఉంది. మా వైపు పిట్లు అంటారు. తొమ్మిదో తరగతిలో బడి ప్రార్థన మధ్యలో మొదటిసారి పడ్డాను. ఎండకి పడింది అన్నారు. రెండోసారి పడ్డప్పుడు ఎండ లేదు, వానాకాలం. అప్పుడు నాన్న నన్ను టౌనుకి తీసుకెళ్లాడు. తల నిండా వైర్లు అంటించి, పొడుగాటి కాగితం మీద గీతలు గీయించి, డాక్టరు గారు మాకు అర్థమయ్యేలా చెప్పారు. "మీ ఊళ్లో ఓల్టేజీ పెరిగితే బల్బు టపటపా కొట్టుకుంటుంది చూశావా, అమ్మాయి తల్లో కరెంటు అప్పుడప్పుడు అలా పెరుగుతుంది. ఈ మాత్ర దాన్ని అదుపులో పెడుతుంది." నాన్నకి వెంటనే అర్థమైపోయింది. మా మోటారు ఆ వారమే కాలింది మరి.

అప్పటినుంచి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. వేసుకుంటే రాదు, మానితే వస్తుంది. అందరికీ ఇంత తేలిగ్గా లొంగదట. ఆ విషయంలో నా జాతకం బాగుంది.

వచ్చే ముందు నాకు బెల్లం పాకం మాడిన వాసన వేస్తుంది. చుట్టుపక్కల పొయ్యే ఉండదు, వాసన మాత్రం ముక్కు పగిలేలా వేస్తుంది. వెంటనే ఎడమచేతి బొటనవేలు దానంతట అది ఆడుతుంది. తర్వాత ఏమవుతుందో నాకు తెలీదు, చూసినవాళ్లు చెప్పాల్సిందే. మళ్లీ కళ్లు తెరిచేసరికి చుట్టూ మొహాలు, నోట్లో ఉప్పగా నెత్తురు, పొలమంతా ఒక్కదాన్నే కోసినట్టు ఒళ్లునొప్పులు, ఆపుకోలేని నిద్ర.

ఈ సంగతి ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియకూడదని అమ్మ గట్టి పట్టు. పెళ్లి కావాల్సిన పిల్ల కదా. ఎవరైనా మాత్రలు చూస్తే "మా గుంటకి రక్తం తక్కువ" అనేది. అంత రక్తం తక్కువ మనిషిలా నేనెప్పుడూ కనిపించలేదు, నా బుగ్గలు చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకని మాత్రలు పోపులపెట్టెలో, మెంతుల గిన్నె పక్క గిన్నెలో ఉండేవి. వాటికి ఇంగువ వాసన పట్టేసి, వేసుకున్నాక కాసేపు పులిహోర తిన్నట్టు త్రేన్పులు వచ్చేవి.

డాక్టరు చెప్పిన జాగ్రత్తలకి అమ్మ సొంతంగా మరికొన్ని కలిపింది. పొయ్యి దగ్గరకి వెళ్లకూడదు. నూతి దగ్గరకి వెళ్లకూడదు. చెరువు మాటే ఎత్తకూడదు. ఒక్క కూరా వండడం రాకుండా ఈ వయసుకొచ్చిన ఆడపిల్లని మా చుట్టుపక్కల ఊళ్లలో నేనొక్కదాన్నే. ఇంత సుఖమైన జబ్బు ఇంకోటి ఉందా? స్నానానికి మాత్రం ఒక ఇబ్బంది. గడియ పెట్టకూడదు, లోపలున్నంతసేపూ నోరు ఆపకూడదు. నోరు ఆడుతోందంటే మనిషి బాగున్నట్టు లెక్క. పాటలు పాడేదాన్ని, పాటలయ్యాక ఎక్కాలు, ఎక్కాలయ్యాక ఎవరి జాకెట్టు కొలత ఎంతో అప్పజెప్పేదాన్ని. ఒక్క క్షణం ఆగానా, అమ్మ తలుపు తోసుకుని వచ్చేసేది.

"ఏటే, ఏటైనాది?"

"ఏటీ అవ్వలేదే అమ్మా, నోట్లోకి సబ్బు ఎల్పోనాది!"

"ఎల్తే ఎల్లింది, మాటాడు!"

ఊళ్లో నన్ను వాగుడుకాయ అంటారు. ఇలా పెరిగితే ఎవరైనా అవుతారు.

ఇంక అమ్మవారి సంగతి. మా ఊరి అమ్మవారి పండగ మంచి ఎండాకాలంలో వస్తుంది. ముందురోజు తొలేళ్లు. ఆ రాత్రి ఊళ్లో ఎవరూ పడుకోరు, వేషాలు, కర్రసాము, డప్పులు. తెల్లారాక ముర్రాటలు. కొత్తకుండలో పసుపునీళ్లు పోసి, మూతిలో వేపరెమ్మలు గుచ్చి, ఇంటికొక ఆడమనిషి నెత్తిన పెట్టుకుని గుడికి మోసుకెళ్లి, ఆ నీళ్లు అమ్మవారి మీద పోయడమే ముర్రాట. ఎండకి అమ్మ ఒళ్లు చల్లబడాలి, ఊరు చల్లగా ఉండాలి. మోసేవాళ్లు నీళ్లు పోసేదాకా గుటక మంచినీళ్లు కూడా తాగరు.

మా ఇంటి ముర్రాట అప్పటిదాకా అమ్మ మోసేది. ఆ ఏడు అమ్మకి నడుం పట్టేసి మంచం మీద వంకీలా పడుకుంది. దాంతో వంతు నాకొచ్చింది. ఎంత సంబరపడిపోయానో! నా ఈడు పిల్లలంతా ఎప్పుడో మోసేశారు. నేనే ప్రతి ఏడూ అరుగు మీద నిలబడి చూసేదాన్ని.

పొద్దున్నే తలంటుకుని, కొత్త చీర కట్టుకుని పోపులపెట్టె తీశాను.

"ఏటది?" అంది నాన్నమ్మ.

"మాతర."

"నీళ్లు పోసొచ్చినాక ఏసుకుందువు. ఒక్కపూట మానితే ఏటైపోతాది?"

మంచం మీంచి అమ్మ మూలిగింది. "మానొద్దని డాట్రు సెప్పినాడత్తా."

"డాట్రు ఎప్పుడైనా ముర్రాట మోసినాడేటి?"

మాత్ర తిరిగి గిన్నెలో పడింది. రాత్రంతా నిద్ర లేదు, కడుపులో మెతుకు లేదు, మాత్ర లేదు. పైన ఎండ. మా ఊరి డప్పులాయన, అందరూ మావా అని పిలుస్తారు, ఆయన దళం మా వరసకి సరిగ్గా ముందు. రామాలయం మలుపు తిరిగేసరికి బెల్లం మాడిన వాసన గుప్పుమంది. కుండ దించేయాలి అనుకున్నాను. అంతవరకే గుర్తు.

మిగతాది నాకు పదిమంది పదిరకాలుగా చెప్పారు. కుండ పగిలి పసుపునీళ్లు నా మీదే పోసుకుపోయాయట. ఒళ్లు విల్లులా వంగిందట. ఎవరో "అమ్మోరు! అమ్మోరొచ్చీసింది!" అని అరిచారట. డప్పు మావ అయితే జన్మ తరించినట్టు నా తల దగ్గరే నిలబడి దంచేశాడట. ఆడవాళ్లు దండాలు పెట్టి, వేపమండలతో విసిరి, ఇంకా ఇంకా పసుపునీళ్లు గుమ్మరించారట.

ఏం చెయ్యాలో తెలిసి వచ్చిన మనిషి అమ్మ ఒక్కతే. ఎవరో చెప్పగా విని, పట్టేసిన నడుంతో సగానికి వంగి పరిగెత్తుకొచ్చి, నన్ను పక్కకి తిప్పి, తల కింద కొంగు మడిచి పెట్టింది. డాక్టరు గారు నేర్పింది అదే. పక్కకి తిప్పు, నోట్లో ఏమీ కుక్కకు, చేతిలో ఇనుము పెట్టకు, దానంతట అదే తగ్గుతుంది, దగ్గరుండు. జనం మాత్రం "సూసినారా, కన్నతల్లి కూడా సాగిలపడిపోనాది" అనుకున్నారు.

కొట్టుకోవడం ఆగాక పెద్దాయన ఒకాయన చేతులు జోడించి అడిగాడట. "ఏటి కావాల తల్లీ నీకు?"

"నిద్దర," అన్నానట.

"అమ్మ శాంతించింది!" అన్నారంతా. ఆయన ఇంకా వదల్లేదు. "వానెప్పుడు పడతాది తల్లీ?"

"రేపు," అన్నానట.

అలా ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. కుట్టేవాళ్లని 'ఎప్పుడు' అని అడిగితే నిద్రలో లేపి అడిగినా 'రేపు' అనే అంటారు. నా ఖర్మ, మర్నాడు సాయంత్రం ఉరుముల్తో కుండపోత వాన. ఊరంతా కళ్లాల్లో ఆరబోసుకున్న నువ్వులు తడిసి ముద్దయ్యాయి. నన్ను తిట్టడానికి వస్తున్నారనుకుని తలుపు వెనక దాక్కున్నాను. వాళ్లు తడిసిన నువ్వులు చేతిలో పట్టుకుని గుమ్మంలో బొక్కబోర్లా పడ్డారు. "రేపని సెప్పనే సెప్పింది తల్లి. మనవే ఇనుకోలేదు."

అలా అయ్యాను అమ్మవారిని.

అప్పుడు నా నాలుక కొరుక్కుపోయి ఉంది. వచ్చిన అరటిపళ్లు నాన్నమ్మా నాన్నా తింటుంటే నేను మజ్జిగ తాగుతూ చూశాను.

వారం తిరక్కుండా నాన్న నన్ను డాక్టరు దగ్గరకి తీసుకెళ్లాడు. నాలుక చూసి ఆయన అడిగారు. "మాత్ర ఎందుకు మానేశావమ్మా?"

"ఉపవాసం సార్. అమ్మవారికి."

"మాత్ర వేసుకోవద్దని మీ అమ్మవారు చెప్పిందా?"

"ఆవిడ చెప్పలేదు సార్. మా నాన్నమ్మ చెప్పింది."

ఆయన నవ్వేశారు. నిద్ర, తిండి, మాత్ర, ఈ మూడూ తప్పకుండా ఉంటే గుడికీ వెళ్లొచ్చు, కుండా మోయొచ్చు అన్నారు. ఆ మాట నేను కొంగున ముడేసుకున్నాను. వచ్చే ఏడు ముర్రాట మళ్లీ మోస్తాను, ఈసారి గుడిదాకా మోస్తాను, నీళ్లు నా మీద కాదు అమ్మవారి మీద పోస్తాను అనుకున్నాను. అంత చిన్న కోరిక. అది తీరడం ఎంత కష్టమో అప్పటికి తెలీదు.

ఎందుకంటే ఇంట్లో ఎవరికీ నా అమ్మవారితనం వదులుకోవాలని లేదు. అమ్మకైతే గుండెల మీంచి బండ దిగినట్టుంది. నడివీధిలో పిట్లొచ్చి పడితే ఒక్కరు కూడా పిట్లు అనలేదు! ఆడపిల్ల తల్లికి ఇంతకన్నా ఏం కావాలి? నాన్నమ్మ ఇంకో మెట్టు పైకెక్కింది. గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లకి నా చిన్నప్పటి మహిమలు చెప్పేది. నేను పుట్టిన రోజున ఆవు రెండుసార్లు అరిచిందట. ఏ ఆవు రోజుకి రెండుసార్లు అరవదు?

ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బుజ్జగించింది.

"మాతర్లు మానీయే తల్లీ. అవి ఏసుకుంటే అమ్మోరు రాదు."

"రాకూడదనే కదే ఏసుకుంటన్నాను!"

"తప్పు, లెంపలేసుకో."

"నువ్వు ఏకాసి నాడు బీపీ మాతర మింగవేటి? అప్పుడు ఉపవాసం పోదేటి?"

"అది సిన్న మాతర."

"నాదెంతుందేటి, బత్తాయికాయంతుందా?"

"నోరెక్కువైపోనాది నీకు. అమ్మోరి నోరు కాబట్టి ఊరుకుంటన్నాను."

మాత్ర మాత్రం మానలేదు. వాళ్ల ఎదురుగానే మింగేదాన్ని. కానీ ఊరిపెద్దలు వచ్చి, వచ్చే పండక్కి నేను కుండ మోయక్కర్లేదనీ, డప్పుల ముందు అమ్మలా నడిస్తే చాలనీ, రాత్రినుంచే ఉపవాసముండి మేలుకోవాలనీ చెప్పినప్పుడు నాన్నమ్మ తలూపేసింది. అమ్మ వాళ్లకి మజ్జిగ తెచ్చే వంకతో లోపలికి వెళ్లిపోయింది. నాన్న పశువులకి నీళ్లు పెట్టే వంకతో దొడ్లోకి వెళ్లిపోయాడు. నేను నడిచేటప్పుడు ఊరంతా నా మొహం వైపే చూస్తుంది, ఎప్పుడు పడతానా అని. పడితేనే వాళ్లకి పండగ. అది తలుచుకుంటే అరటిపళ్లు కూడా సయించేవి కావు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం ఎచ్చెర్ల అవతలి నుంచి రెండు బస్సులు మారి ఒక అత్తా కోడలూ వచ్చారు. నా పేరు అంతదూరం పోయిందన్నమాట. అత్త పెద్దావిడ, కొబ్బరికాయలూ పళ్లూ సంచీనిండా తెచ్చింది. కోడలు నా ఈడుదే, కొత్తగా పెళ్లయినట్టుంది, చీర కొంగు చేతిమీదుగా బిగించి చుట్టుకుని తలొంచుకుని నిలబడింది. నాన్నమ్మ నన్ను మిషను మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. ఒళ్లో కాజాలు కుట్టాల్సిన జాకెట్టు అలాగే ఉంది.

అత్త చేతులు జోడించింది. "మా కోడలు ఉండుండి పడిపోతాది తల్లీ. నురగొస్తాది. గాలో, సేతబడో తెల్దు. ఆసుపత్రిలో మాతర్లిచ్చినారు. అమ్మ మాట ఇన్నాక సూద్దారని ఆపీసినాను. మానిపించీమంటావా, ఏయమంటావా?"

నాన్నమ్మ వైపు చూశాను. ఆవిడ గర్వంగా నా వైపు చూస్తోంది. అమ్మ వంటింటి గడపలో గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది.

కోడల్ని అడిగాను. "పడీ ముందు నీకేటైనా వాసనొస్తాదేటి?"

ఆ పిల్ల టక్కున తలెత్తింది. అంతవరకూ ఎవరూ అడగని మాట అడిగానని మొహంలోనే తెలిసిపోయింది. "వస్తాది. వానకి తడిసిన కుక్క వాసన."

"కుక్కా!" అన్నాను. "నాకు బెల్లం పాకం మాడిన వాసనే!"

"నీది నయం గదప్పా," అంది. "నానైతే కుక్కెక్కడుందా అని ఎతుక్కుంటాను, ఈలోగా పడిపోతాను."

ఇద్దరం ఫక్కున నవ్వేశాం. ఆపుకుందామన్నా ఆగలేదు. నాలాంటి మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు, తనూ చూడలేదు. ఆసుపత్రి బయట బెంచీల మీద ఎంతోమంది కూర్చుంటారు గానీ అక్కడెవరూ ఎవరితోనూ మాట్లాడరు, అందరికీ రక్తం తక్కువే. అత్త బెదిరిపోయి నాన్నమ్మని అడిగింది. "అమ్మోరు నవ్వుతన్నాదేటి?"

నవ్వేటప్పుడు ఆ పిల్ల కొంగు జారింది. మోచేతి దగ్గర్నుంచి మణికట్టుదాకా కాలిన మచ్చ, ఇంకా లేతగా ఎర్రగా ఉంది. నాన్నమ్మ లేచి వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఏటే ఇది?"

"మాతర మానీసిన వారంలోనే అన్నం వారుస్తూ పొయ్యి మీద పడ్డాను మామ్మా."

నాన్నమ్మ ఆ చెయ్యి వదల్లేదు.

నేను కుర్చీ మీంచి దిగి కింద కూర్చున్నాను. "అత్తా, నాకు అమ్మోరు రాలేదు. పిట్లు. నీ కోడలికున్న జబ్బే. ఆ రోజు మాతర ఏసుకోలేదు, అందుకు పడిపోనాను. అంతే."

వంటింటి గడపలో గ్లాసు కింద పడిన చప్పుడైంది.

అత్త మాత్రం చేతులు విప్పలేదు. "పరీచ్చించకు తల్లీ. నానేటి తప్పు సేసినాను?"

ఎంత చెప్పినా ఆవిడ నమ్మదు! చివరికి పోపులపెట్టె పట్టుకొచ్చి ముందు పెట్టాను. మాత్రల అట్ట తీసి చూపించాను. ఆవిడ దాన్ని ఎండలోకి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది, వాసన చూసింది, ఇంగువకి తుమ్మింది. సంచీలోంచి తమ అట్ట తీసి పక్కన పెట్టి పోల్చుకుంది. రెండూ వేరే రంగులు. డాక్టర్లు ఒక్కొక్కరికి ఒక్కోరకం ఇస్తారని చెప్పాను. అప్పుడు కోడలి వైపు తిరిగి గయ్యిమంది.

"సూసినావా? అమ్మోరంతటి అమ్మోరే రెండు పూటలా మాతరేసుకుంటంది. నీకేటే రోగం? ఇయ్యాలట్నుంచి నువ్వూ ఏసుకో!"

మానిపించిందే ఆవిడ. ఆ పిల్ల నా వైపు చూసి కన్ను గీటింది. ఇంక నేను వాదించలేదు. మాత్ర నోట్లో పడితే చాలు. "మానీసిన మాతర మళ్లీ ఎలగెయ్యాలో ముందు మీ డాట్రునడిగి మొదలెట్టండి, రేపే ఎల్లండి" అని మాత్రం గట్టిగా చెప్పి, వాళ్లని బస్సు దగ్గర దింపి వచ్చాను. ఆ పిల్ల తన ఫోన్ నంబరు నా జాకెట్టు కొలతల పుస్తకంలో రాసి వెళ్లింది. ఇప్పటికీ మాట్లాడుకుంటాం. ముందుగా అడిగేది "కుక్కొచ్చిందేటి?" అనే.

ఇంటికొచ్చేసరికి అమ్మ మొహం తిప్పుకుంది. "ఊరంతా తెలిసిపోతాది. ఇంక నీకు పెళ్లవుతాదేటి?"

"ఆ పిల్లకి అయిపోనాదిగా."

"సెప్పకుండా సేసుంటారు."

"అందుకే కదమ్మా సెయ్యి కాలింది. ఆ అత్తకి జబ్బని తెల్దు, గాలో సేతబడో అనుకుని మాతర మానిపించీసింది."

అమ్మ రెండురోజులు నాతో మాట్లాడలేదు. స్నానాల గదిలో నేను గొంతు చించుకుని పాడుతుంటే బయట నిలబడి వినేది, అంతే. ఆ రెండురోజులూ రాత్రి మాత్ర తెచ్చిచ్చింది నాన్నమ్మ. మొదటిరోజు అరచేతిలో మాత్ర పెట్టుకుని, చత్వారం కళ్లతో కాసేపు చూసి, "ఇదీ సిన్నదే" అంది. మూడోరోజు పొద్దున అమ్మ నా జడ వేస్తూ అడిగింది. "మరి ఎవులైనా అడిగితే ఏటని సెప్పాల?"

"పిట్లని సెప్పు. మాతరేసుకుంటే బాగుంటాదని కూడా సెప్పు. రెండోది మర్సిపోకు."

పండగ మళ్లీ వచ్చింది. అమ్మలా నడవను, కుండే మోస్తానంటే, అమ్మ ఎలాగైనా వస్తుందనుకుని ఊరిపెద్దలు సరేనన్నారు. తొలేళ్ల రాత్రి ఊరంతా మేలుకుంటే నేను చెవుల్లో దూది పెట్టుకుని హాయిగా నిద్రపోయాను. పొద్దున్నే లేచేసరికి నాన్నమ్మ చెంబునిండా చోడంబలి పోసి నా ముందు పెట్టింది. ముర్రాట మోసే మనిషి ముందు, పండగ పొద్దున! గోడ అవతలి నుంచి పక్కింటి అత్త చూసేసి బుగ్గలు నొక్కుకుంది.

"ఓలమ్మో! ఎంగిలి పడిపోతన్నాదేటి గుంట!"

"పడతాది," అంది నాన్నమ్మ. "కాళీకడుపుతో దానికి పిట్లొస్తాయి. నువ్వు మోస్తావేటి మా కుండ?"

ఆ మాట మా ఇంట్లోంచి బయటికి వినపడేలా అనడం అదే మొదటిసారి. అన్నది నాన్నమ్మ! అంబలి గొంతులో అడ్డుపడి పొలమారింది. మాత్ర వేసుకున్నాను. అమ్మ కుండ ఎత్తి నా నెత్తిన పెట్టింది. "పక్కనే ఉంటాను" అంది.

డప్పు మావకి నేను అంబలి తాగిన సంగతి తెలీదు. పోయిన ఏడు మహిమంతా తన డప్పుదేనని ఏడాదంతా చెప్పుకున్నాడాయన. నన్ను చూడగానే దళాన్ని నా ముందుకి తిప్పాడు. దంచడం మొదలెట్టాడు. అరుగుల మీద, గోడల మీద, ట్రాక్టరు తొట్టిలో జనం. అందరూ నా మొహమే చూస్తున్నారు. రామాలయం మలుపు దగ్గర డప్పు నా చెవి పక్కకే వచ్చేసింది. కుండ పట్టుకున్న ఎడమచేతి బొటనవేలు వణికింది.

వచ్చేస్తోందా? ఇప్పుడు పడితే, ఇంక జన్మలో ఎవరూ నా మాట వినరు. అమ్మ కూడా వినదు. గట్టిగా గాలి పీల్చాను. బెల్లం కోసం వెతికాను. వేపాకు వాసన, పసుపు వాసన, మావ చెమట వాసన. బెల్లం లేదు. చెయ్యి మార్చి పట్టుకున్నాను. వణుకు ఆగిపోయింది. బరువుకి వణికిన వేలు, అంతే!

"ఏటమ్మా?" అంది అమ్మ పక్కనుంచి, మొహంలో నెత్తురు చుక్క లేకుండా.

"సెయ్యి నొప్పెట్టిందే అమ్మా," అన్నాను. అమ్మ అక్కడే నవ్వేసింది, నడివీధిలో, కళ్లనీళ్లతో.

మావ మాత్రం చెమటలు కక్కుతూ వాయిస్తూనే ఉన్నాడు. చివరికి ఆగి, రొప్పుతూ, గౌరవంగా అడిగాడు. "ఏటి తల్లీ, రావేటి? నా సేతులు పడిపోతన్నాయి."

"రాదు మావా. పోయినేడు వొచ్చినవి పిట్లు. ఈయేడు మాతరేసుకున్నాను. నువ్వు కొంచెం ముందుకి జరిగితే నాను ఎల్తాను, నీళ్లు తొణికిపోతన్నాయి."

మావ డప్పు చంకన పెట్టుకుని పక్కకి తప్పుకున్నాడు. జనంలో గుసగుసలు. "అమ్మోరు అలిగింది" అన్నారొకరు. "తిన్నాది కదా, మరెలా వస్తాది" అన్నారు ఇంకొకరు. "పిట్లంట, పాపం" అన్నారు ఎవరో. పాపం అన్న ఆవిడే ఓ నాలుగడుగులు నా పక్కన నడిచి, గొంతు తగ్గించి, ఏ డాక్టరు దగ్గర చూపిస్తున్నారని అడిగింది. వాళ్ల చెల్లెలి కూతురికి రక్తం తక్కువట.

గుడి దగ్గర పెద్ద వరస. ఎండ మాడిపోతోంది, చీర తడిసి ఒంటికి అంటుకుపోయింది. నాకెవరూ దారివ్వలేదు, వరసలోనే నిలబడ్డాను. నా వంతు రాగానే కుండ దించి, వేపరెమ్మలు తీసి, పసుపునీళ్లు అమ్మవారి తలమీంచి మెల్లగా పోశాను. ఒక్క చుక్క కూడా మిగల్చలేదు. ఖాళీ కుండ పట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోయాను. నీళ్లు అమ్మవారి బుగ్గల మీంచి, మెడ మీంచి జారి కింద మడుగు కడుతున్నాయి.

వెనకనుంచి ఎవరిదో మోచెయ్యి డొక్కలో పొడిచింది.

"పోసీసినావు కదే, జరుగు బేగి! ఎనకాల మనుసుల్లేరేటి?"

జరిగాను.